కొండమీదికి కాపురం మార్చేముందు



చలికాలం దగ్గరపడితే మన ఆసుపత్రి ఓ.పి.లో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "డాక్టరమ్మగారూ, మావాడు లంబసింగి వెళ్ళి టిఫిన్ కొట్టు పెట్టుకుంటానంటున్నాడు. ఆ చలికి తట్టుకోగలడంటారా?" అని తల్లులు అడుగుతున్నారు. కొందరు చింతపల్లి పేరు చెబుతారు, కొందరు పాడేరు, కొందరు అరకు. ఊళ్ళో పని దొరకక, అప్పులు తీరక, కొండమీద నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చునన్న ఆశతో మన సంఘాల్లోని కుటుంబాలు కొన్ని ఇప్పటికే వెళ్ళాయి. వాటిలో కొన్ని నిలదొక్కుకున్నాయి. కొన్ని జబ్బుతో, చేతిలో పైసా లేకుండా దిగివచ్చాయి. ఇద్దరినీ చూసినవారము కనుక మా అభిప్రాయాన్ని ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

సూటిగా చెబుతాము. మీరు భయపడవలసింది చలికి కాదు. చలికి రగ్గు ఉంది, స్వెట్టరు ఉంది. రగ్గు కాపాడలేనివి మూడు ఉన్నాయి. ఒకటి, చలి అని పొరపడే జ్వరం. రెండు, చలికి విరుగుడనుకునే బొగ్గుల కుంపటి. మూడు, మనది కాని భూమిమీద పెట్టే డబ్బు. దిగివచ్చిన కుటుంబాలను దెబ్బతీసినవి ఈ మూడే.

ముందు ఆ ప్రదేశం సంగతి. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున లంబసింగి ఉంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి మండలంలో అది ఒక చిన్న గిరిజన గ్రామం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ వేడి 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. ఆంధ్రా కాశ్మీరమని పేరు రావడంతో, మంచు చూడడానికి జనం బారులు తీరుతున్నారు. ఆ జనాన్ని చూసే మనవాళ్ళు కొట్లు పెట్టాలనుకుంటున్నారు.

ఇక మొదటిది, జ్వరం. ఒక తమ్ముడు నవంబరులో అక్కడ టీకొట్టు పెట్టాడు. మూడో వారంలో ఒక సాయంత్రం ఒళ్ళంతా వణికింది. కొండచలి అనుకున్నాడు. రెండు రగ్గులు కప్పుకుని పడుకున్నాడు. చెమటపట్టి తగ్గింది. పొద్దున్నే కొట్టు తెరిచాడు. మర్నాడు మళ్ళీ వణుకు. నాలుగో రోజుకు మాట తడబడితే కారు మాట్లాడి మన దగ్గరకు తీసుకొచ్చారు. రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలింది. దేవుని కృపవలన బతికాడు. మంచంమీద నుంచి లేచేసరికి సీజను అయిపోయింది, అప్పు మాత్రం మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి గ్రహించండి. మురికి కాలువ లేదు కదా, చలి ప్రదేశం కదా, దోమలేమి ఉంటాయని అనుకుంటాము. కొండల్లో మలేరియాను మోసే దోమ కొండవాగుల్లో మెల్లగా పారే శుభ్రమైన నీటిలో పుడుతుంది. వర్షాకాలంలోనే కాదు, చలికాలం మొదట్లోనూ ఉంటుంది. రాత్రివేళ కుడుతుంది. చిన్ననాటి నుంచి అక్కడ పెరిగినవారికి ఆ జబ్బును కొంతవరకు ఓర్చుకునే శక్తి వస్తుంది. మైదానం నుంచి వెళ్ళిన మనకు అది లేదు. అందువల్ల మనవారికి జబ్బు త్వరగా ముదిరి మెదడుకు, మూత్రపిండాలకు ఎక్కవచ్చు.

కాబట్టి కొండమీద వణుకు వస్తే చలి అని తీర్మానించకండి. రగ్గు కప్పుకున్నా ఆగని వణుకు, ఒళ్ళు కాలడం, తలనొప్పి ఉంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. ఆశా కార్యకర్త దగ్గర ఉండే కిట్టుతో వేలిచివరి రక్తపుబొట్టు చాలు, అరగంటలోపే తెలిసిపోతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం. ఇచ్చిన మందు పూర్తిగా మింగండి, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకండి. ఇంటికి తిరిగివచ్చిన కొన్ని వారాలకు జ్వరం వచ్చినా, "నేను ఏజెన్సీలో ఉండి వచ్చాను" అని డాక్టరుగారికి మీరే ముందుగా చెప్పండి.

రెండవది, కుంపటి. తలుపులు, కిటికీలు బిగించుకుని, గదిలో బొగ్గులు రాజేసి నిద్రపోతారు. బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా మన రక్తాన్ని అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరుగుడు, వాంతి. తరువాత మగత. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరికలేవీ తెలియవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే వెంటనే బయటి గాలిలోకి రండి. మంట ఆరుబయట కాచుకోండి, పడుకునే గదిలోకి మాత్రం నిప్పు తేవద్దు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇది మరింత ముఖ్యం. బిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనం, టోపీ, సాక్సులు చాలు.

సారా చుక్క వేసుకుంటే వెచ్చగా ఉంటుందనేవారి మాట నమ్మకండి. తాగగానే చర్మానికి రక్తం ఎక్కువగా వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, ఆ దారినే ఒంట్లోని వేడి బయటికి పోతుంది. ఒంటరితనంలో మొదలైన ఆ చుక్క కాపురాలను ఏమి చేస్తుందో మనకు తెలియనిది కాదు. బి.పి. ఉన్నవారికి చలిలో అది పెరుగుతుంది కనుక మాత్రలు మానకూడదు, కనీసం రెండు నెలలకు సరిపడా దగ్గర ఉంచుకోవాలి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు మంట దగ్గర కాళ్ళు కాచుకోకూడదు, కాలినా తెలియదు. గర్భవతులు నెలలు నిండకముందే కిందికి దిగి ఆసుపత్రికి దగ్గరలో ఉండాలి. ఘాట్ రోడ్డుమీద నొప్పులు మొదలైతే ఏమి చేయగలము?

మూడవది డబ్బు సంగతి. ఇది డాక్టర్లు మాట్లాడవలసిన విషయమా అని కొందరు అనవచ్చు. చేతిలో డబ్బు పోయినవాడు మందు కొనడు, బిడ్డకు పాలు కొనడు. కనుక మాట్లాడుతున్నాము.

మంచు చూడవచ్చే జనం నవంబరు నుంచి జనవరి వరకు, అందులోనూ ఎక్కువగా శని, ఆదివారాలు వస్తారు. మిగతా తొమ్మిది నెలలు ఏమి తింటారో లెక్క వేసుకోకుండా వెళ్ళకండి. స్ట్రాబెర్రీ తోట పెడతామని మరికొందరు వెళ్తున్నారు. మొక్కలను మహారాష్ట్ర నుంచి తెప్పించుకోవాలి, ప్లాస్టిక్ పరుపు పరచాలి, డ్రిప్పు పెట్టాలి. పండు రెండు రోజులు నిలవ ఉండదు. పెట్టుబడి అంతా పంటకు ముందే పోయాలి.

అన్నిటికంటే ముఖ్యం, అది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దానినే 1/70 చట్టమంటారు. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. కౌలు, తాకట్టు, దానం కూడా చెల్లవు. గిరిజనేతరుని దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. ఒక కుటుంబం పెళ్ళి నగలు అమ్మి, నోటిమాట మీద ఎకరం కౌలుకు తీసుకుంది. రెండో ఏడు మధ్యవర్తి మాట మార్చాడు. వారు ఎక్కడికి వెళ్ళి అడగగలరు? కాగితమే లేదు, ఉన్నా చట్టం ఒప్పుకోదు. ఆ తల్లి నిద్రపట్టడం లేదని మన దగ్గరకు వచ్చింది. ఆమెకు నిద్రమాత్ర ఇవ్వగలిగాము గాని నగలు ఇవ్వలేకపోయాము.

"గిరిజన స్నేహితుని పేరున పెట్టుకుంటే సరి" అని సలహా ఇచ్చేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారిని నాబోతు ద్రాక్షతోట కథ మరొకసారి చదవమని మనవి. అహాబు మంచి ధరే ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యాన్ని అమ్మనన్న నాబోతు మాటే ధర్మమైనది. బగతలకు, కొండదొరలకు, ఖోండులకు ఆ కొండ పితరుల స్వాస్థ్యం. దొడ్డిదారిన దానిని తీసుకుని, ఆదివారం వచ్చి కానుక వేస్తే ఆ కానుక దేవునికి ఇష్టమవుతుందా?

అయితే వెళ్ళనే కూడదా? అలా అనడంలేదు. నిలదొక్కుకున్న కుటుంబాలను గమనించాము. వారు భూమిమీద కన్ను వేయలేదు, చేతిలో ఒక పని పట్టుకుని వెళ్ళారు. ఒకాయన మోటారు మెకానిక్కు. ఒకావిడ కుట్టుమిషను పట్టుకుపోయింది. మన నర్సింగ్ స్కూలులో చదివిన ఒక అమ్మాయి ఆరోగ్య కేంద్రంలో చేరింది. పన్నెండు నెలలూ అక్కడివారికి అవసరమైన పని అది. పౌలు గుడారాలు కుట్టి బతికినట్టు వారు తమ చేతులతో బతుకుతున్నారు. ఉండే గది, కొట్టు స్థలం విషయంలో మండల రెవెన్యూ కార్యాలయంలో, పంచాయతీలో ముందుగా అడిగి తెలుసుకున్నారు. ముందు ఒక్కరే వెళ్ళి ఒక వర్షాకాలం, ఒక చలికాలం గడిపాకే భార్యాబిడ్డలను తీసుకెళ్ళారు.

మన గుంటూరుకు 1883లో డాక్టర్ అన్నా కూగ్లర్ గారు అమెరికానుండి వచ్చారు. మంచు కురిసే పెన్సిల్వేనియాలో పుట్టిన ఆమెకు మన ఎండలు ఎంత కష్టమో ఊహించండి. 1930లో కన్నుమూసేవరకు ఆమె ఈ ప్రజల స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేశారు. పరాయివారు వచ్చి పనికొచ్చారు కనుకనే మనం ఈనాడు ఇలా ఉన్నాము. కొండ ఎక్కే మనవారు కూడా ఆ కొండకు పనికొచ్చేవారుగా వెళ్ళాలని మా కోరిక.

పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు ఒక విన్నపం. వెళ్ళే కుటుంబానికి ప్రార్థన చేసి పంపేముందు మూడు మాటలు అడగండి. దోమతెర కొన్నారా? పడుకునే గదిలో నిప్పు పెట్టమని మాట ఇస్తారా? తొమ్మిది నెలలకు పని ఏమిటి? పంపిన తరువాత నెలకొకసారైనా ఫోను చేసి పలకరించండి. వణుకు వస్తోందని చెబితే, ప్రార్థన చేయండి, ఆ వెంటనే రక్తపరీక్షకు పంపండి.

కొండమీద ఉన్న మన బిడ్డలను, వారికి చోటిచ్చిన కొండవారిని ప్రభువు కాపాడునుగాక. ఆమేన్.