గురిపెడితే ఆట, గోడు చెబితే రాజకీయమా?

“పిల్లల ఆటల్లోకి రాజకీయాలను లాగవద్దు.” వినడానికి ఎంతో సబబుగా తోచే మాట ఇది. బడికీ ట్యూషన్‌కూ మధ్య నలిగిపోయే పసివారికి కాసేపు వినోదం కావాలి. యుద్ధాలు, ఆక్రమణలు, శరణార్థుల కన్నీళ్లు పెద్దలు మోయవలసిన బరువులు. వాటిని పసి భుజాలపైకి ఎత్తకూడదు. సదుద్దేశంతో ఇలా అనేవారిపై నాకు గౌరవం ఉంది. అయితే వారిని ఒక్క ప్రశ్న అడగక తప్పదు. పిల్లలు నేడు ఆడుతున్న వీడియో గేముల్లో రాజకీయం లేదని మీరు నిజంగా నమ్ముతున్నారా?

2002 జూలై 4న, తమ స్వాతంత్ర్య దినాన, అమెరికా సైన్యం ‘అమెరికాస్ ఆర్మీ’ అనే గేమును ఉచితంగా విడుదల చేసింది. యువతను సైన్యంలోకి ఆకర్షించడమే దాని ఉద్దేశం. ఆ సంగతిని వారు దాచలేదు కూడా. 13 ఏళ్లు నిండినవారికి తగినదని దానికి ముద్ర పడింది. రెండు జట్లుగా ఆడే ఆ గేములో విచిత్రమైన ఏర్పాటు ఒకటి ఉండేది. ఏ జట్టులో ఉన్నవాడికైనా తాను అమెరికా సైనికుడిగానూ, ఎదుటివాడు శత్రువుగానూ కనిపిస్తాడు. ఎదుటివాడి తెరపై ఇదే తలకిందులుగా కనిపిస్తుంది. శత్రువు స్థానంలో నిలిచి లోకాన్ని చూసే అవకాశం ఎవరికీ ఒక్క క్షణమైనా దక్కదు. 2022 వరకు, సుమారు 20 ఏళ్లు, ప్రజాధనంతో నడిచిన గేము ఇది. దీన్ని మించిన రాజకీయ పాఠం ఏముంటుంది?

మరొకటి చూడండి. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి బస్రాకు వెళ్లే రహదారిపై, వెనుదిరిగిపోతున్న ఇరాక్ బలగాల వాహన శ్రేణిని అమెరికా, దాని మిత్రదేశాల విమానాలు బాంబులతో దగ్ధం చేశాయి. లోకం దానికి ‘మృత్యు రహదారి’ అని పేరు పెట్టింది. 2019లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్’ గేములో అదే పేరుతో ఒక రహదారి ఉంది. కానీ ఆ కల్పిత దేశంలో బాంబులు వేసినవారు రష్యన్లు! పేరు చరిత్రది, నేరం మాత్రం మరొకరి ఖాతాలోకి. ఆ గేము పెద్దలకు మాత్రమేనని ముద్ర ఉన్నా, అన్న ఆడుతుంటే తమ్ముడు పక్కనే కూర్చుంటాడన్నది ఇల్లు గడిపే ప్రతి తల్లికీ తెలుసు. ఆ తమ్ముడు రేపు అసలు చరిత్రను ఏ పుస్తకంలో వెతుక్కుంటాడు?

మన దేశంలోనూ ఇదే కథ. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం దేశ భద్రత పేరిట పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. రెండు రోజులకే ‘ఫౌజీ’ అనే స్వదేశీ గేము ప్రకటన వెలువడింది. గల్వాన్ లోయ ఘర్షణే ఇతివృత్తంగా 2021 గణతంత్ర దినాన అది విడుదలైంది. గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులు అమరులయ్యారు. వారి త్యాగాన్ని స్మరించడంలో తప్పేమీ లేదు. కానీ ఏడాదైనా గడవని సరిహద్దు ఘర్షణను పిల్లల చేతిలో ఆటగా పెట్టడం రాజకీయం కాదని ఎవరైనా అనగలరా?

ఇక నాణేనికి రెండోవైపు. 2016లో నాబ్లస్ నగరవాసి, పాలస్తీనా గేము రూపకర్త రషీద్ అబూఈదా ‘లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్’ అనే చిన్న గేము తయారు చేశాడు. 2014 నాటి గాజా యుద్ధమే దానికి నేపథ్యం. బాంబుల నడుమ ఒక తండ్రి తన కుటుంబాన్ని, చిన్నారి కూతురిని కాపాడుకోవాలని పరుగెత్తుతాడు. ఆడేవాడి చేతిలో తుపాకీ లేదు. యాపిల్ సంస్థ దీన్ని గేముల వరుసలో చేర్చడానికి నిరాకరించింది. వార్తల వరుసకో, సమాచార వరుసకో తగినదని చెప్పింది. నిరసనలు వెల్లువెత్తాకే దిగివచ్చి గేముగా అంగీకరించింది.

తుపాకీతో పరుగెత్తితే ఆట. బిడ్డను పట్టుకుని పరుగెత్తితే రాజకీయం. నేను దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఒకే నిబంధనను ఒక అర్జీదారుకు ఒక రీతిగా, మరొకరికి మరో రీతిగా వర్తింపజేస్తే దానిని నిబంధన అనరు, పక్షపాతం అంటారు. ‘ఆటల్లో రాజకీయం వద్దు’ అనే నిబంధన నేడు సరిగ్గా అలాగే అమలవుతోంది. బలవంతుడి కథ వినోదమై చెలామణి అవుతుంటే, బాధితుడి కథ గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

కనుక అసలు ప్రశ్న రాజకీయం ఉండాలా వద్దా అన్నది కాదు. ఎవరి కథ ఉండాలి, ఎవరి కళ్లతో ఉండాలి అన్నదే. దీనికి మంచి సమాధానాలు ఇప్పటికే ఉన్నాయి. 1992 నుంచి 1996 వరకు సాగిన సరాయెవో దిగ్బంధం ప్రేరణతో పోలండ్ సంస్థ ఒకటి 2014లో ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ రూపొందించింది. అందులో మనం సైనికులం కాము; ముట్టడిలో చిక్కి, తిండికీ మందులకూ అల్లాడే సామాన్య పౌరులం. బోస్నియా ముస్లింలు అనుభవించిన నరకం ఏమిటో పాఠ్యపుస్తకం చెప్పలేని తీరులో అది చెబుతుంది. 2020లో పోలండ్ ప్రభుత్వం దానిని పాఠశాలల పఠన జాబితాలో చేరుస్తామని ప్రకటించింది. అదీ 18 ఏళ్లు నిండిన విద్యార్థులకే. వయసుకు తగిన హద్దు ఉండాలన్న మాటతో నాకూ పేచీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు శవాలు చూపమని ఎవరూ అడగడం లేదు. ఆకలి, పొరుగువాడి కష్టం, ఇల్లు వదిలిన కుటుంబం, ఇవి ఏ వయసు వారికైనా ఆ వయసు భాషలో చెప్పదగినవే.

మనవారికీ రెండు మాటలు చెప్పాలి. “ఆ ఫోను లాక్కుని పారేస్తే సరి” అనే పెద్దలు మన మొహల్లాల్లో తక్కువేమీ కాదు. మీరు లాక్కున్న ఫోను స్నేహితుడి ఇంట్లో మళ్లీ దొరుకుతుంది. మీరు చెప్పని చరిత్ర మాత్రం అక్కడ దొరకదు. “మనమూ మన తుపాకీ ఆట చేసుకుందాం” అనే ఉడుకు రక్తానిది రెండో దారి. 2003లో లెబనాన్‌కు చెందిన హిజ్బుల్లా ‘స్పెషల్ ఫోర్స్’ పేరిట ఆ పని చేసింది. అక్కడ గురి మారింది గాని పాఠం మారలేదు. ఎదుటివాడికి ముఖం లేకుండా చేయడం అన్యాయమైతే, అది మన చేతుల మీదుగా జరిగినా అన్యాయమే.

చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. బిడ్డ ఆడుతున్నప్పుడు అరగంట పక్కన కూర్చోండి. “నువ్వు కాలుస్తున్నది ఎవరిని? అతని ఊరేది? అతని తల్లి ఏమైంది?” అని అడగండి. ఎదుటివారి వేషభాషలు మనవాటిలా ఉంటే, ఎందుకలా ఉన్నాయని వాడినే ఆలోచించనివ్వండి. సముదాయ గ్రంథాలయాల్లో, సెలవు శిబిరాల్లో వయసుకు తగిన మంచి గేములను పిల్లలకు పరిచయం చేయండి. హైదరాబాద్, విజయవాడ, కర్నూలు కళాశాలల్లో కంప్యూటర్ చదువులు చదువుతున్న మన అమ్మాయిలకు, అబ్బాయిలకు ఉద్యోగంతో పాటు ఈ పనీ ఉందని చెప్పండి. నాబ్లస్‌లో ఒక్కడు చేయగలిగినది మన తెలుగు నేలపై పదిమంది కలిసి చేయలేరా? మన కథను మనం చెప్పకపోతే, మనల్ని గురిగా నిలబెట్టి మరొకరు చెబుతారు. దానిని ఆడేది మన పిల్లలే.