అంటు కోత వచ్చినవాడికి వాసం కోత రాదా?

రసాలు తిని టెంకలు పెంటకుప్ప మీద పారేసే రోజులివి. ఆ టెంకల్లోనే రేపటి తోట ఉందన్న సంగతి మరిచిపోతున్నాం.

ఆగిరిపల్లి వైపు నాకు తెలిసిన రెండెకరాల రైతు ఒకాయన చిన్నరసాలని చెబితే నమ్మి అంటుమొక్కలు కొన్నాడు. ఐదో ఏట కాపు చూస్తే అవి చిన్నరసాలు కావు. నర్సరీ పేరెందుకు గానీ, ఐదేళ్ల ఎరువు, నీరు, కాపలా ఎవరిస్తారు చెప్పండి? ఆయన గట్టు మీదే తాతలనాటి చిన్నరసం చెట్టు నిక్షేపంగా ఉంది. దాని పుల్లే తెచ్చి అంటు కట్టుకుని ఉంటే ఈ గోడు ఉండేది కాదు.

అందుకే నా మాట: సన్నకారు రైతు తన అంటు తన పెరట్లోనే కట్టుకోవాలి. టెంక మొలిచి, ఆకు ఇంకా రాగిరంగులో ఉండగానే జులై, ఆగస్టు నెలల్లో టెంక అంటు కట్టొచ్చు. కట్టాక కొన్ని వారాలు నీడ, తేమ కావాలి. అక్కడే మనవాళ్లు "పాలీహౌస్ మనకెక్కడిదండీ" అని వెనకాడతారు. 2005లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్ నాటి నుంచి షేడ్‌నెట్‌లకు, పాలీహౌస్‌లకు నిర్ణయించిన ఖర్చులో సగం వరకు రాయితీ ఉంది. మిగతా సగం పెట్టుకోగలిగినవాడికే అది అక్కరకొస్తుంది. చలి దేశాల్లో వెచ్చదనం కోసం అద్దాల ఇళ్లు కడతారు. మనకు ఎండే ఎక్కువ. పైన నీడవల, వానకు పాలిథిన్ పట్టా, పక్కలు గాలాడేలా ఉంటే చాలు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు పందిట్లో 200 సంచులు సులువుగా పడతాయి. సగం బతికినా, పది మీటర్ల ఎడంలో ఎకరానికి 40 మొక్కల లెక్కన రెండెకరాలకు సరిపోగా ఇంకా మిగులుతాయి.

అయితే పందిరి చదునుగా వేస్తే నీళ్లు నిలిచి పట్టా చినుగుతుంది. వాలు ఉండాలి. చాలామంది వాసాల చివరలు అడ్డంగా తెగ్గోసి మేకు కొట్టేస్తారు. అప్పుడు కర్ర మొన మాత్రమే ఆనుతుంది, బరువంతా మేకు మీద పడుతుంది. ఒక్క ఈదురుగాలికే కదిలిపోతుంది.

లెక్క కష్టమేమీ కాదు. వెడల్పు 6 అడుగులైతే సగం 3. అడ్డకర్ర మీద నుంచి కొప్పు ఎత్తు కూడా 3 అడుగులే పెట్టండి. అప్పుడు పైన, కింద రెండు కోతలూ మూలమట్టంలో సరిగ్గా సగం. డిగ్రీలు తెలియకపోయినా పర్వాలేదు. నలుచదరం కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి ఆ వాలునే కర్ర మీద గీసుకోండి. వాసం పైవైపు పొడవు 4 అడుగుల 3 అంగుళాలు, అడుగువైపు తక్కువ. రెండు కోతలూ ఒకదానికొకటి ఎదురుగా లోపలికి వాలాలి. రెండూ ఒకే వైపు వాలితే ఆ కర్ర పొయ్యిలోకే!

గీత రెండు ముఖాల మీదా గీసి, రంపం గీతకు బయటిపక్కన, పారేసే వైపున నడపండి. మొదటి జతను నేల మీద పరిచి సందు లేకుండా కుదిరిందని చూశాకే మిగతావి కోయండి. రెండున్నర అడుగులకో జత చొప్పున అయిదు జతలు, అంటే పది వాసాలు. అన్నిటికీ ఆ మొదటి వాసమే కొలత. ఇప్పుడు కోసినదాన్ని తర్వాతదానికి పెట్టుకుంటూ పోతే గీత గీతకూ తేడా పెరిగి పదోది అంగుళం దాటొచ్చు.

గుంజకూ అడ్డకర్రకూ మధ్య మూలల్లో ఏటవాలు కర్రలు బిగించడం మరవొద్దు. నాలుగు కర్రల చట్రాన్ని తోస్తే ఒరుగుతుంది, మూడు కర్రల ముక్కోణం ఒరగదు. వీటికీ అదే కోత.

గుంజలకు సరుగుడు తీసుకుని, పాతే భాగానికి తారు పూయండి. మామిడి కర్రను మట్టిలో పాతొద్దు, చెదలు వదలవు. పచ్చికర్రతో వాసాలు కోస్తే ఆరాక కోత విచ్చుకుంటుంది. పాత పెంకుటింటి వాసాలు దొరికితే అంతకంటే మేలు లేదు. చేతకాకపోతే ఊరి వడ్రంగికి ఒక పూట కూలిచ్చి పక్కన నిలబడి నేర్చుకోండి. పనసచెక్కను ఉలితో తొలిచి వీణలు చేసే నూజివీడు మనది, పనివాళ్లకు కొదవ లేదు.

ఇంతకూ ఇది మనకు కొత్త విద్యా? పుల్లను రెండువైపులా ఏటవాలుగా చెక్కి, మొలక చీలికలో దించి, సందు లేకుండా కట్టే చెయ్యి మనది. కోత కోతకు ఆనకపోతే అంటు పట్టదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. వాసానికీ అదే సూత్రం.

మన చుట్టుపక్కల మామిడి తోటలు కొట్టి పామాయిల్ వేస్తున్నారు. గిట్టుబాటు చూసుకునే రైతును తప్పుపట్టను. కానీ గొడ్డలి ఎత్తేముందు ఆ పాత రసం చెట్టు పుల్లలు నాలుగు దాచండి. వారం పది రోజుల ముందే కొమ్మకు ఆకు దూసి ఉంచితే చాలు. తెలియనిది నూజివీడు మామిడి పరిశోధన స్థానంలో అడగండి. చెట్టు పోయాక ఆ రకాన్ని ఏ రాయితీ తిరిగి తేలేదు.