మడమ నొప్పికి మాత్ర మింగే ముందు...

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటోందా? నాలుగడుగులు నడిస్తే సర్దుకుని, సాయంత్రం తోట నుంచి వచ్చేసరికి మళ్లీ మొదలవుతోందా? అది మడమ శూల. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక మందపాటి నరంలాంటి పట్టీ ఉంటుంది. గట్టి నేల మీద వట్టి కాళ్లతో తిరిగినా, గంటల తరబడి నిలబడినా అది మడమ దగ్గర దెబ్బతింటుంది. కొబ్బరి తోటల్లో తిరిగే రైతుకూ, పలాసలో జీడిపిక్కల పనిలో సిమెంటు గచ్చు మీద నిలబడే ఆడవారికీ ఇది రావటంలో వింత లేదు.

వెంటనే మందుల షాపుకి పోయి “నొప్పి బిళ్ల ఇవ్వు బాబూ” అంటాం. వాళ్లూ ఇచ్చేస్తారు. డైక్లోఫినాక్ లాంటిది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. వేరే జిల్లాలో అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదేమో. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు గుల్ల చేసిందో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వాళ్లకు నేను చెప్పాలా? దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. నొప్పి బిళ్లలే కారణమని నేననటం లేదు. కానీ అవి కిడ్నీలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలని ఒంటికి ఆ దెబ్బ మరీ ఎక్కువ. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు, సంతోషమే. మడమ నొప్పి బిళ్లల పుణ్యాన అక్కడికి చేరటం ఎందుకు?

మంచం దిగకముందే తువ్వాలు పాదానికి వేసి, వేళ్లు మీ వైపు వంగేలా అర నిమిషం లాగి పట్టండి. మూడుసార్లు చాలు. తర్వాత గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆన్చి ముందుకు వంగండి. కాలి పిక్క సాగాలి. రాత్రి చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించండి. అరిగిన హవాయి చెప్పులు పారేసి, మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు కొనండి. ఇంట్లోకీ వేరే జత ఉంచుకోండి. పెద్దవాళ్లు సణిగితే సణగనివ్వండి. ఒళ్లు బరువుంటే కొంత తగ్గించాలి. వారంలో పోయేది కాదిది, నెలలు పడుతుంది.

చెట్టు మీంచి పడ్డాక వచ్చిన నొప్పయినా, వాపు, జ్వరం, తిమ్మిరి ఉన్నా, షుగరు ఉన్నా డాక్టరుకు చూపించండి. ఇప్పటికే నెలల తరబడి బిళ్లలు మింగి ఉంటే, ఆ సంగతి దాచకుండా చెప్పి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.