సంఘం పాడే పాట

కొత్త కీర్తన పాడమని కీర్తనల గ్రంథం పదే పదే పిలుస్తుంది. మన సంఘాల్లో కొత్త పాటలకు కొరత లేదు. అయితే ఒక ఆదివారం ఆరాధనలో చూసిన దృశ్యం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. వేదికపై యువకులు కొత్త పాట అందుకున్నారు. రాగం బాగుంది, వాయిద్యాలు బాగున్నాయి. రెండో చరణానికి వచ్చేసరికి సంఘంలో సగం మంది మౌనం వహించారు. ముందు చాప మీద కూర్చున్న ఓ అవ్వ చప్పట్లు మాత్రం కొడుతోంది. తర్వాత పాత కీర్తన ఎత్తుకోగానే ఆమె కళ్లు మూసుకుని అన్ని చరణాలూ పాడేసింది. ఆమెకు చదువు రాదు.

పాతవే మంచివని చెప్పడం మా ఉద్దేశం కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) రాసిన కాలంలో ఆయన కీర్తనలూ కొత్త పాటలే. తెలుగువారి చెవికి అప్పటికే అలవాటైన పల్లవి, చరణాల పద్ధతిలో ఆయన సువార్తను కూర్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉండేది అందుకే. జర్మనీలో మార్టిన్ లూథర్ కూడా 1523లో స్నేహితుడు స్పాలటిన్‌కు ఉత్తరం రాస్తూ, ప్రజల భాషలో పాటలు రాయమని, రాజాస్థానపు కొత్త మాటలు వద్దని, మాట సులువుగా ఉండాలి కానీ చులకన కాకూడదని కోరారు.

గాయకుని కోసం రాయడం వేరు, సంఘం కోసం రాయడం వేరు. గాయకుడు స్టూడియోలో తారస్థాయి అందుకోగలడు, తప్పితే మళ్లీ పాడగలడు. సంఘంలో అరవై ఏళ్ల పెద్దాయన, పదేళ్ల పాప, గొంతు మారుతున్న అబ్బాయి ఒకే శ్రుతిలో పాడాలి. రాగం ఒక స్థాయిని పెద్దగా దాటకపోతే అందరికీ అందుతుంది. పాదం ఒక్క ఊపిరిలో పూర్తవ్వాలి.

తెలుగులో మరో చిక్కు ఉంది. తాళం కోసం హ్రస్వాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది. 'మది' కాస్తా 'మాది' అవుతుంది. 'పడి' లేచానని సాక్ష్యం చెప్పబోయి 'పాడి' లేచానంటాం! బాణీ ముందు కట్టి, మాటలు తర్వాత ఇరికిస్తే ఈ పొరపాట్లు ఎక్కువ. దీర్ఘం ఉన్నచోటే రాగాన్ని నిలిపితే చాలు.

136వ కీర్తన చూడండి. 26 వచనాలు. ప్రతి వచనంలో మొదటి సగం మారుతుంది, దేవుని కృపను చెప్పే రెండో సగం మారదు. ఒకరు చెబుతుంటే జనమంతా బదులు పలకవచ్చు. పుస్తకం అక్కర్లేదు, తెర అక్కర్లేదు. మన పల్లె ప్రార్థనల్లో ఒకరు చెప్పి అందరూ అనే పద్ధతి ఇలాంటిదే.

ఇక భావం సంగతి. ప్రసంగాన్ని మంగళవారానికి మరచిపోతాం, పాట మరణపడక దాకా వస్తుంది. ఆత్మతోనే కాదు, మనస్సుతోనూ పాడాలని పౌలు భక్తుడు చెప్పాడు (1 కొరింథీ 14:15). సిలువ ఊసు, పాపక్షమాపణ ఊసు లేకుండా 'నాకు ఇచ్చావు, నన్ను హెచ్చించావు' అని మాత్రమే సాగే పాట సంఘానికి ఏం నేర్పుతుంది? 23వ కీర్తన 'నా' అంటుంది నిజమే, 46వ కీర్తన 'మనకు' అంటుంది. 13వ కీర్తన 'ఎంతకాలం' అని దేవుణ్ణే అడుగుతుంది. మన కొత్త పాటల్లో ఆ ప్రశ్న అరుదు. ఆ వారమే బిడ్డను సమాధి చేసి వచ్చిన తల్లి మన మధ్య కూర్చుని ఉంటే ఆమె ఏ పాట పాడాలి? విజయగీతాలు నాలుగు వరుసగా పాడి ఆమెను ఒంటరిని చేస్తున్నామేమో.

పాటలు రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మాదొక సూచన. రికార్డింగుకు ముందు మీ పాటను సంఘకాపరికి చూపించి, వాక్యంతో సరిచూడండి. తర్వాత గృహప్రార్థనకు తీసుకెళ్లండి. కీబోర్డు వద్దు, మైకు వద్దు. పాదం పాదం చెబుతూ రెండుసార్లు పాడించండి. మూడోసారి మీరు ఆగి, వాళ్లను పాడనివ్వండి. అవ్వలు ఎక్కడ ఆగిపోయారో అక్కడ గుర్తు పెట్టుకుని, ఇంటికొచ్చి ఆ పాదం మళ్లీ రాయండి.