రిటర్ను పంపితే చాలదు

ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల గుమాస్తాలకూ, గంజ్‌కు సరుకు తోలే పల్లెల చిరువ్యాపారులకూ ఆదాయపు పన్ను రిటర్నంటే ఏజెంటే దిక్కు. ఆన్‌లైన్‌లో పంపగానే పని అయిపోయిందనుకుంటున్నారు. 30 రోజుల్లోగా దాన్ని ధ్రువీకరించాలి. 2022 ఆగస్టుకు ముందు ఈ గడువు 120 రోజులు. ధ్రువీకరించని రిటర్ను చెల్లదు. డిపాజిట్ వడ్డీలో బ్యాంకు కోసిన పన్ను వాపసు రాదు. ఆధార్ ఓటీపీ పాత ఫోన్ నెంబరుకు పోతే ఇక తిప్పలే.

1800 103 0025కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కాని విన్నది తెరపై వెతుక్కోవడం అందరికీ చేతనవుతుందా? బషీర్‌బాగ్ ఆయకార్ భవన్ గంజ్‌కు దూరమేమీ కాదు. గడువు నెలలో అధికారులు ఒక ఉద్యోగిని గంజ్‌లో కూర్చోబెట్టి తెలుగులో, ఉర్దూలో చెప్పించాలి. ఈలోగా ఏజెంటుకు కాగితాలిచ్చేవారు ఫోన్ నెంబరు మాత్రం తమదే రాయించుకోవాలి. లేకుంటే నోటీసు ఏజెంటుకే చేరుతుంది.