కావలికన్ను

గృహమునకు కావలివానిని నియమించువారు వాని గుణశీలములను విచారింతురు. గోడకు నిఘా కెమేరాను బిగించువారు మాత్రము తరచుగా వెలనే విచారింతురు. ఇది వివేకము కాదు.

విదేశమున తయారైన కెమేరా లోగుట్టు కొన్నవానికంటె చేసినవానికే యెక్కువ తెలియును. అది అంతర్జాలముతో కలిసియున్నచో, ఇంటి దృశ్యములు యజమాని యెరుగకయే పరులకు చేరవచ్చును. ఈ శంకచేతనే ఆస్ట్రేలియా 2023లో తన రక్షణశాఖ భవనములనుండి చైనా కెమేరాలను తొలగింప నిశ్చయించెను. భారత ప్రభుత్వము కూడ 2025 నుండి నిఘా కెమేరాలకు భద్రతాపరీక్షను తప్పనిసరి చేసెను.

అయినను దోషమంతయు పరదేశముదే యనరాదు. 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము, పాస్‌వర్డు మార్చని వేలకొలది కెమేరాలను లోబరచుకొని, అమెరికాలో పెక్కు వెబ్‌సైట్లను స్తంభింపజేసెను.

కావున పరీక్షకు నిలిచిన కెమేరానే కొనవలెను. కొన్నవెంటనే పాస్‌వర్డు మార్చవలెను. పొరుగువారి వాకిటివైపు త్రిప్పరాదు. తాళపుచెవిని తలుపునకే వ్రేలాడదీసినవాడు దొంగను నిందించి యేమి లాభము?