ఐ.పి. నోటీసుతో అప్పు తీరిపోదు

"ఫలానా షావుకారు ఐ.పి. పెట్టాడు" అన్న మాట చెవిన పడగానే, సరుకు అరువుగా ఇచ్చిన రైతు ఆశ వదలుకొనుట తెలుగు జిల్లాలలో పరిపాటి. ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు పొట్టిపేరైన ఈ రెండక్షరాలు పల్లెలలో తిట్టుగా మారినవి. మిర్చి, పత్తి కొన్న వ్యాపారి దుకాణం మూసిన మరునాటి నుండి అనుమానం మొదలగును. నిజంగా నష్టపోయినాడా, లేక బావమరిది పేర స్థలం వ్రాసి వచ్చినాడా? ఈ అనుమానం తప్పని నేను అనను.

ఇది మనకు మాత్రమే చెందిన సమస్య కాదు. ఇంగ్లండులో 1705 నాటి చట్టం దివాలా వర్తకుని ముందు రెండు దారులు ఉంచినది. ఉన్నదంతా చూపి ఋణదాతలకు అప్పగించినవానికి మిగిలిన బాకీ నుండి విముక్తి, దాచినవానికి ఉరి. లండన్ బట్టల వర్తకుడు జాన్ పెరట్ 13,000 పౌండ్లకు పైగా సొమ్ముకు లెక్క చూపలేక, విలాసాలకు ఖర్చయినదని చెప్పినాడు. ఋణదాతలు నమ్మలేదు. దాచిన సొత్తు బయటపడగా 1761లో అతనిని ఉరితీసినారు. ఉరి మాట అటుంచి, లెక్క చూపినవానికే విముక్తి అన్న నియమం నేటికీ మంచిదే.

తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1906 అక్టోబరులో, మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసినది. దాని అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడినది. నష్టపోయినవారి పక్షాన నిలిచిన న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరే 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపనకు పూనుకొన్నారు.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చినప్పటికీ, చిన్న వర్తకులకు సంబంధించిన భాగం పూర్తిగా అమలులోకి రానందున 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే నడుచుచున్నది. రైతు దానిలో గమనింపవలసినవి కొన్ని ఉన్నవి. దివాలాదారుగా ప్రకటించుట వేరు, బాకీల నుండి విముక్తి వేరు. దివాలాకు ముందు మూడేండ్ల చిట్టా, ఆవర్జా సరిగా వ్రాయని వర్తకునికి కోర్టు సంపూర్ణ విముక్తి ఈయరాదు. పిటిషన్‌కు ముందు మూడు నెలలలో ఒక ఋణదాతకు మాత్రమే పక్షపాతంగా చెల్లించినది, రెండేండ్ల లోపల ఉచితంగా బంధువులకు వ్రాసి ఇచ్చినది రద్దు కావచ్చును. అయితే ఋణదాత కోర్టుకు వచ్చి బాకీ ఋజువు చేయవలెను. పదివేల బాకీకి పట్నం వెళ్ళి వకీలును పెట్టుట దండుగ అని రైతు ఇంటనే ఉండును. మోసగానికి కావలసినది అదే. తాకట్టు ఉన్న బ్యాంకుకు ఈ బెంగ తక్కువ అన్న నిజాన్ని కూడా ఇక్కడ ఒప్పుకొనవలెను. ఒక గ్రామం రైతులు కలిసి ఒకే వకీలును పెట్టుకొన్నచో ఖర్చు పంచుకొనవచ్చును.

బస్తరులోని జగర్గుండాలో రెండు దశాబ్దాలకు పైగా బ్యాంకు లేదు. 2025 మే నెలలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ తెరచినది. బ్యాంకు లేని చోట చింతపండు, ఇప్పపువ్వు అమ్మినవానికి నోటిమాటే దస్తావేజు. ఖాతా ద్వారా చెల్లింపు జరిగినచో పాస్‌బుక్కులోని పంక్తి అమ్మినవానికి ఎంత సాక్ష్యమో, నిజంగా నష్టపోయిన వర్తకునికీ అంతే రక్ష. చెల్లింపు ఆలస్యమగునప్పుడు తూకం, ధర, తేది, సంతకం గల చీటీని బండి కదలక ముందే అడిగి తీసికొనవలెను. ఈయనన్న వర్తకునికి సరుకు అరువుగా ఈయకుండుటే మేలు.